గొంతు పట్టేసిన రోజుల్లో పాట సంగతి

ఒడిశాలోని మా గజపతి, గంజాం జిల్లాల్లో పాట నేర్చుకునే పిల్లలకు తీరిక లేని కాలమూ, జలుబులు ఎక్కువగా చేసే కాలమూ ఒకటే. ధనుర్మాసమంతా తెల్లవారుజామున గుడిలో పాశురాలు పాడాలి, ఆ నెలలోనో, అది ముగిసిన రెండు మూడు వారాల్లోపో పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన వస్తుంది. పర్లాకిమిడిలో సంగీతం చెప్పే నన్ను ఆ రోజుల్లో తల్లిదండ్రులు అడిగేది ఒక్కటే: "గొంతు పట్టేసిందండీ, ఎల్లుండికి పాడగలదా?"

ముందుగా పిల్లను పాడమనకుండా మాట్లాడమంటాను. ముక్కు దిబ్బడ వేసి, మాట మాత్రం శుభ్రంగా ఉంటే, కాస్త తగ్గించి పాడుకోవచ్చు. మాటే బొంగురుపోయి ఉంటే ఆ రోజు పాట లేదు, ఎవరు ఎంత బతిమాలినా లేదు. గొంతులో కంపించి నాదం పుట్టించే స్వరతంత్రులు స్త్రీలలో సుమారు 10 నుంచి 15 మిల్లీమీటర్ల పొడవుంటాయి; అయిదు శ్రుతిలో (శ్రుతి అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స్థాయి) తారషడ్జం, అంటే పై స్థాయి 'స', పట్టినప్పుడు అవి సెకనుకు దాదాపు 390 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. వాచిన తంత్రులతో అదే పని చేయిస్తే, వారంలో పోవలసిన వాపు నెలకు సాగవచ్చు.

ఇక్కడ పిల్లలను మోసం చేసే సంగతి ఒకటుంది. వాపు వల్ల తంత్రులు బరువెక్కి నెమ్మదిగా కంపిస్తాయి కనుక మంద్రస్థాయి, అంటే కింది స్థాయి, మామూలుకంటే సులువుగా పలుకుతుంది, మంద్ర పంచమం (కింది 'ప') నిండుగా వచ్చిందని పిల్ల సంబరపడుతుంది, తారస్థాయిలో మాత్రం గాలి తప్ప నాదం రాదు. ఆ నాదం కోసం మెడ బిగించి నెట్టడంతోనే అసలు హాని మొదలవుతుంది. తెల్లవారుజాము మంద్రస్థాయి సాధన మీద నాకెంతో గౌరవం ఉంది, అయినా జబ్బు రోజుల్లో దాన్ని నేనే మాన్పిస్తాను.

ఇంట్లో పెద్దలు వెంటనే మిరియాల కషాయం కాస్తారు. దాన్ని నేను వద్దనను, గొంతులో రాపిడి తగ్గి ప్రాణానికి హాయిగా ఉంటుంది. అయితే మింగినదేదీ స్వరతంత్రులను తాకదు, అది అన్నవాహికలోకి పోతుంది. తాగిన నీరు ఒంటికి పట్టి ఆ పొరలకు తేమ చేరడానికి కొన్ని గంటలు పడుతుంది, కాబట్టి వేదిక మీద గుటకలు వేయడంకంటే ముందురోజు నుంచీ తాగుతూ ఉండటమే మేలు. తంత్రులను నేరుగా చేరేది ఆవిరి ఒక్కటే. అందులో ఘాటైన బామ్ కలపనక్కర లేదు, అది కొందరికి గొంతును ఇంకా మండిస్తుంది. మరిగే గిన్నె మీదకు చిన్నపిల్లలను వంచడం కూడా ప్రమాదమే.

మందుల విషయంలో నేను మరింత పట్టుదలగా ఉంటాను. చాలావరకు ఈ బొంగురుకు కారణం వైరస్ కనుక యాంటీబయాటిక్ పనిచేయదు. ముక్కు కారడం ఆపే కొన్ని మాత్రలు గొంతునూ ఎండబెడతాయి. ఆస్పిరిన్ వంటివి రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తాయి కాబట్టి, వాచిన తంత్రులతో పాడే వారికి వాటిలోని సన్నని రక్తనాళం చిట్లే ముప్పు పెరుగుతుంది, పైగా జ్వరమున్న పిల్లలకు ఆస్పిరిన్ అసలే ఇవ్వకూడదు. జ్వరానికి పారాసిటమాల్ సరిపోతుందేమో వైద్యుణ్ణి అడగాలి. మొద్దుబార్చే బిళ్ళలు చప్పరించి పాడటం అన్నిటికన్నా చెడ్డది, ఎందుకంటే ఆగమని చెప్పే నొప్పినే అవి దాచేస్తాయి.

మౌనమంటే గుసగుసలాడటం కాదని పిల్లలకు మళ్ళీ మళ్ళీ చెప్పవలసి వస్తోంది. చాలామంది గుసగుసలో గొంతును బిగిస్తారు, దానికన్నా మెల్లగా, మామూలు గొంతుతో నాలుగు మాటలు చెప్పడం నయం. అస్తమానం గొంతు సవరించుకున్నా తంత్రులు గట్టిగా కొట్టుకుంటాయి, ఆ దురద పుట్టినప్పుడు ఒక గుక్క నీళ్ళు మింగాలి.

ఆరాధన నాడు త్యాగరాజు పంచరత్న కీర్తనలు అయిదూ అందరూ కలిసి పాడే గోష్ఠి గురించి ఒక మాట. "అందరితో కలిసి పాడితే కష్టముండదు కదా" అంటారు. నా అనుభవంలో అక్కడే కష్టం ఎక్కువ, ఎందుకంటే చుట్టూ యాభై గొంతులుంటే మన గొంతు మనకు వినపడక తెలియకుండానే హెచ్చిస్తాం. బొంగురుపోయిన పిల్ల గోష్ఠిలో కూర్చుని తాళం వేయవచ్చు, సాహిత్యం మనసులో నడిపించుకోవచ్చు, అదీ సాధనే.

పాడుతుండగా హఠాత్తుగా గొంతు తెగిపోయినట్టయితే ఆ క్షణమే ఆపి, ఈఎన్‌టీ వైద్యుడికి చూపించాలి. జలుబు పోయినా బొంగురు నాలుగు వారాలు దాటితే ఎవరైనా స్వరపేటికను పరీక్ష చేయించుకోవాలి, పాడేవారు అంతవరకు కూడా ఆగకూడదు. అందుకోసం ఇక్కడి నుంచి బరంపురమో శ్రీకాకుళమో వెళ్ళవలసి వచ్చినా సరే, వెళ్ళి తీరాలి.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు తొందర వద్దు. తొలిరోజు పెదవులు మూసి మకారంతో మధ్యస్థాయిలో నాలుగైదు స్వరాలు, కొద్ది నిమిషాలు చాలు. సన్నని స్ట్రాలోకి నాదం ఊదడం కూడా మంచిదే, అది తంత్రుల మీద తాకిడిని తగ్గిస్తుంది. అయిదున్నర శ్రుతిలో పాడే అమ్మాయిని కొన్నాళ్ళు అయిదుకో నాలుగున్నరకో దింపి, మొదటి కాలంలో, అంటే నెమ్మది నడకలో, తొలి పాఠాలైన సరళీ స్వరాలు పాడిస్తాను. మరుసటి ఉదయం మాట శుభ్రంగా వస్తేనే తరవాతి పాఠాలైన జంటస్వరాలకు వెళ్తాం. వర్ణం ఆ తరవాత సంగతి.