సెల్ సిగ్నలింగ్ నాకు అర్థమైన తీరు: నెట్ రాసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

సీఎస్ఐఆర్ నెట్ (సైన్స్ పరిశోధనకు, లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్ష) లైఫ్ సైన్సెస్ రాస్తూ, సిగ్నలింగ్, అంటే కణాలు సందేశాలు అందుకుని స్పందించే తీరు, ఆ చాప్టర్ రాగానే పేజీ తిప్పేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సిలబస్‌లోని 13 యూనిట్లలో నాలుగోదైన ఈ యూనిట్టే నన్ను మొదటి రెండుసార్లు ముంచింది. మూడోసారి గట్టెక్కించింది కూడా ఇదే.

మాది రాయగడ జిల్లా గుణుపూర్. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షేమో ఇంగ్లీషులో. పర్లాకిమిడి, జయపురం వైపు చదివిన మన పిల్లలకు ఈ బాధ చెప్పక్కర్లేదు. ఒక పేరా తలకెక్కాలంటే రెండు భాషలు దాటి రావాలి. అంత ఓపిక లేక నేను బట్టీ పట్టాను. ఏ రసాయనం దేన్ని యాక్టివేట్ చేస్తుందో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు పట్టిక వేసి ఇచ్చారు. ఐసోప్రోటెరినాల్ అంటే బీటా రిసెప్టర్ (కణం మీద సందేశం అందుకునే ప్రొటీన్), ఫోర్‌స్కోలిన్ అంటే అడినైలైల్ సైక్లేజ్ అనే ఎంజైమ్, ఇలా నాలుగు పేజీలు. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. పార్ట్ బీలో అది కొంత పనికొచ్చింది. పార్ట్ సీలో 75 ప్రశ్నలిచ్చి 25 రాయమంటారు, ఒక్కోదానికి 4 మార్కులు, తప్పయితే 1 మార్కు పోతుంది. అక్కడ ఎవరూ పట్టిక అడగరు. ఒక ప్రయోగం చెప్పి, ఈ మందు వేశాక ఏమవుతుందని అడుగుతారు. నా దగ్గర పేర్లే ఉన్నాయి, దారి లేదు.

ఆ దారి నాకు ఇంట్లోనే దొరికింది. నేను రెండోసారి పరీక్ష తప్పిన ఏడాది, వానాకాలంలో, మా చిన్నాన్న కొడుక్కి విరేచనాలు పట్టుకున్నాయి. ఆరేళ్లవాడు. తెల్లారేసరికి కళ్లు లోపలికి పోయాయి, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలబడింది. ఆశా దీదీ వచ్చి ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇచ్చి, ప్యాకెట్ మొత్తం సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపమంది. అమ్మ చెంచాతో పడుతూ కూర్చుంది. వాడు కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచా. మామ్మ పక్కనే కూర్చుని చోడి అంబలి కాస్త ఉప్పేసి సిద్ధం చేసింది. సాయంత్రానికి వాడికి ఉచ్చ వచ్చింది. ఆ మాట విని అమ్మ ఏడ్చింది.

వాడు నిద్రపోయాక పుస్తకం తీశాను. పేగు గోడ కణంలో సీఎఫ్‌టీఆర్ అని ఒక ప్రొటీన్ ఉంటుంది. 1480 అమినో ఆమ్లాల గొలుసు, కణ పొరను 12 సార్లు దాటుతుంది. క్లోరైడ్ బయటికి పోయే తలుపు అది. మామూలుగా మూసే ఉంటుంది, ఎందుకంటే ఆర్ డొమైన్ అనే భాగం గడియలా అడ్డం పడి ఉంటుంది. ఆ గడియ తీయాలంటే పీకేఏ అనే ఎంజైమ్ వచ్చి ఫాస్ఫేట్ తగిలించాలి, ఆపైన కణానికి శక్తినిచ్చే ఏటీపీ కూడా అంటుకోవాలి. పీకేఏని లేపేది సైక్లిక్ ఏఎంపీ, కణం లోపల సందేశం మోసే చిన్న అణువు. దాన్ని తయారుచేసేది అడినైలైల్ సైక్లేజ్. ఆ సైక్లేజ్‌ని కదిలించేది స్విచ్ లాంటి జీఎస్ ప్రొటీన్. జీఎస్‌ని కదిలించేది పైనున్న రిసెప్టర్.

కలరా టాక్సిన్, అంటే కలరా క్రిమి వదిలే విషం, రిసెప్టర్ దగ్గర ఆగదు. లోపలికి వెళ్లి జీఎస్‌కి ఏడీపీ రైబోజ్ అనే ముక్క తగిలిస్తుంది. దాంతో జీఎస్ తనను ఆన్‌లో ఉంచే జీటీపీ అణువును తాను కోసుకోలేక, స్విచ్ ఆన్‌లోనే ఉండిపోతుంది. తలుపు తెరుచుకుని క్లోరైడ్ పోతుంది, దాని వెంట సోడియం, ఆ వెనక నీళ్లు. ఆ టాక్సిన్ ఉందని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే చూపించారు. చెడిపోని దారి ఒకటుంది, పేగు గోడలోని ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రొటీన్. ఒక గ్లూకోజ్‌తో పాటు రెండు సోడియాలను లోపలికి తెస్తుంది. టాక్సిన్ దాని జోలికి పోదు. అందుకే ప్యాకెట్‌లో ఉప్పుతో పాటు చక్కెర ఉంటుంది, అందుకే లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములని కొలత. 1971లో బనగావ్ శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనబిస్ వేలమందిని ఈ నీళ్లతోనే నిలబెట్టారు. మా వాడికి వచ్చింది కలరాయో కాదో ఎవరూ పరీక్ష చేయలేదు. కానీ ఆ చెంచా ఎందుకు పనిచేసిందో ఆ రాత్రి అర్థమైంది.

తర్వాత పట్టిక చించేశాను. ఒక కాగితం మీద ఈ గొలుసు నిలువుగా గీసి, ప్రతి రసాయనాన్ని అది ముట్టుకునే చోట రాసుకున్నాను. ఐసోప్రోటెరినాల్ అన్నిటికన్నా పైన. కలరా టాక్సిన్ జీఎస్ దగ్గర. ఫోర్‌స్కోలిన్ సూటిగా సైక్లేజ్ దగ్గర. ఇది మన దేశపు కోలియస్ మొక్క వేరులోది, 1970లలో బొంబాయిలోనూ లక్నోలోనూ వేరుచేశారు. ఐబీఎంఎక్స్ సైక్లిక్ ఏఎంపీని కోసే ఫాస్ఫోడైఎస్టరేజ్‌ని ఆపుతుంది. పెర్టుసిస్ టాక్సిన్ బ్రేకు లాంటి జీఐని పడగొడుతుంది. ఇక ఈ. కోలై అనే బ్యాక్టీరియా టాక్సిన్లు రెండు. వేడికి చెడిపోయేది కలరా దారిలోనే పోతుంది. వేడికి తట్టుకునేది గ్వానైలైల్ సైక్లేజ్ సి అనే ఎంజైమ్ ద్వారా సైక్లిక్ జీఎంపీ పెంచి అదే తలుపు తెరుస్తుంది. ఈ రెండూ కలిపేసుకుని నేను ఒకసారి మార్కు పోగొట్టుకున్నాను, మీరు పోగొట్టుకోకండి.

ఇవాకాఫ్టర్ దగ్గర మాత్రం కాస్త నిలబడండి. సీఎఫ్‌టీఆర్ చెడిపోతే వచ్చే సిస్టిక్ ఫైబ్రోసిస్ జబ్బుకి 2012లో అమెరికాలో అనుమతి పొందిన మందు. ఇది సీఎఫ్‌టీఆర్‌నే పట్టుకుంటుంది, కానీ గడియ తీయదు. పీకేఏ తీసిన తలుపును ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. అందుకే దాన్ని పొటెన్షియేటర్ అంటారు. యాక్టివేటర్ వేరు, పొటెన్షియేటర్ వేరు. ఇంగ్లీషులో ఈ రెండు పదాలూ పక్కపక్కనే ఉంటే మనకు ఒకటేలా కనబడతాయి.

ఇప్పుడు ప్రశ్న చూడండి. ప్రొప్రనలాల్‌తో బీటా రిసెప్టర్‌ని మూసేశాం, తర్వాత ఫోర్‌స్కోలిన్ వేశాం. క్లోరైడ్ కరెంట్ (తలుపు గుండా క్లోరైడ్ పారుదల) వస్తుందా? వస్తుంది, ఎందుకంటే అడ్డు పైన పడింది, తోపు కింద పడింది. అదే హెచ్89తో పీకేఏని ఆపితే కలరా టాక్సిన్ వేసినా, ఫోర్‌స్కోలిన్ వేసినా కరెంట్ పడిపోతుంది. వేలు పెట్టి గొలుసు మీద కిందికి దిగండి, మీ వేలు ఆగినచోటే జవాబు ఉంటుంది. పాత పేపర్లలోని సిగ్నలింగ్ ప్రశ్నలన్నీ నేను ఇలాగే వేలు పెట్టి చేశాను. భాష కూడా అడ్డు రాలేదు. బొమ్మని అనువాదం చేసుకోవాల్సిన పని లేదు కదా.

మిగతా యూనిట్ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పార్ట్ ఏకి (జనరల్ ఆప్టిట్యూడ్) రోజూ అరగంట చాలు. విశాఖలో సెంటర్ పడితే ముందురోజే వెళ్లి పడుకోండి, పొద్దున బండి దిగి పరిగెత్తే టెన్షన్ వద్దు.

కాగితం గీశాక ఇదొకటి చేసి చూడండి. క్లోరైడ్ కణంలోకి వచ్చేది కింది గోడలోని (రక్తం వైపు) ఎన్‌కేసీసీ1 అనే ప్రొటీన్ ద్వారా. దాన్ని బ్యుమెటనైడ్‌తో మూసి, ఫోర్‌స్కోలిన్ వేశాం. సైక్లిక్ ఏఎంపీ ఏమవుతుంది? తలుపు ఏమవుతుంది? కరెంట్ ఏమవుతుంది? మూడూ వేరువేరుగా రాయండి.