చేతక్ దిగి డాఫిన్ ఎక్కాక: సముద్రం మీద ఎగరడానికి తెచ్చుకున్న లైసెన్సు

1980ల నాటికి మన దేశంలో హెలికాప్టర్ అంటే జనానికి మిలిటరీయే గుర్తొచ్చేది. పౌర విమానయానంలో హెలికాప్టర్ నడిపేవాళ్లు చాలా కొద్దిమంది. ముంబై తీరానికి పడమరగా సుమారు 160 కిలోమీటర్ల దూరంలో, నడి సముద్రంలో ఉన్న బాంబే హై చమురు క్షేత్రానికి మనుషుల్ని చేరవేసే పని ఒకటి ఉంది. ప్రధానంగా ఆ పని కోసమే 1985లో ప్రభుత్వం హెలికాప్టర్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాను పెట్టింది. అదే తర్వాత పవన్ హంస్ అయింది. ఫ్రాన్స్ నుంచి డాఫిన్ హెలికాప్టర్లు, బ్రిటన్ నుంచి వెస్ట్‌లాండ్ 30లు వచ్చాయి. ఎయిర్ ఫోర్స్ వదిలి బయటికొచ్చిన నాలాంటివాళ్లకు అదొక కొత్త జీవితం.

నేను హకీంపేటలో చేతక్ అనే ఎయిర్ ఫోర్స్ హెలికాప్టర్ మీద నేర్చుకున్నవాణ్ణి. కొండల్లో, వరదల్లో చాలా ఎగిరాను. అయినా సివిల్‌లో హెలికాప్టర్ నడపాలంటే కమర్షియల్ హెలికాప్టర్ పైలట్ లైసెన్సు ఉండి తీరాలి. ఎగిరిన గంటలు లెక్కలోకి వస్తాయి కానీ పరీక్షలు మాత్రం కుర్రాళ్లతో పాటు కూర్చుని రాయాల్సిందే. ఇది అన్యాయమని మాలో చాలామంది అనుకునేవారు. నాకు అలా అనిపించలేదు. ఆ చదువు లేకుండా నేను సముద్రం మీదకి వెళ్లి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు.

లాగ్‌బుక్ సంతకాలు, దరఖాస్తులు, బెంగళూరులో మెడికల్... వీటి గురించి చెప్పేదేమీ లేదు, ఓపిక ఉంటే అయిపోతాయి. మెడికల్‌లో నాకు టెన్షన్ పెట్టింది చెవుల పరీక్ష ఒక్కటే. ఏళ్ల తరబడి ఇంజిన్ మోత విన్న చెవులు కదా, సన్నని శబ్దాలు ముందుగా దూరమవుతాయి.

రాతపరీక్షల్లో ఎయిర్ రెగ్యులేషన్స్ బట్టీ పట్టేస్తే సరిపోయింది. అసలు కష్టం నావిగేషన్‌తోనే. అంతకుముందు నేను నేలను చూస్తూ ఎగిరేవాణ్ణి. నదో, రైలు పట్టాలో, ఊరి చెరువో కనిపిస్తే ఎక్కడున్నానో తెలిసిపోయేది. సముద్రం మీద అలాంటి గుర్తులేవీ ఉండవు. అప్పటికి మాకు జీపీఎస్ లేదు. దారి తెలియడానికి సిగ్నల్ పంపే రేడియో బీకన్ ఇచ్చే మోర్స్ గుర్తును హెడ్‌ఫోన్‌లో విని, అది మనం వెతుకుతున్న బీకనే అని తేల్చుకుని, ముందున్న మీటరులో సూది చూపించిన వైపు వెళ్లాలి. గాలి పక్కకి ఎంత నెడుతుందో మనమే లెక్క కట్టుకోవాలి.

ఆ నావిగేషన్ పుస్తకంలో ఒక లెక్క నన్ను బాగా పట్టుకుంది. ముంబైలో మేం బయల్దేరే జుహూ విమానాశ్రయం నుంచి సముద్రంలోని చమురు ప్లాట్‌ఫారం 86 నాటికల్ మైళ్లు. దారిలో ఏదైనా తేడా వస్తే, ఎక్కడి వరకు వెనక్కి తిరగడం మేలు, ఎక్కడి నుంచి ముందుకు పోవడం మేలు? గాలి లేకపోతే సరిగ్గా సగం, అంటే 43 మైళ్లు. కానీ వర్షాకాలంలో అక్కడ నైరుతి గాలి ఉంటుంది, వెళ్లేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. 130 నాట్ల (గంటకు అన్ని నాటికల్ మైళ్లు) వేగంతో వెళుతుంటే 30 నాట్ల ఎదురుగాలిలో ముందుకు పోయేది 100, వెనక్కి తిరిగితే 160. అప్పుడు ఆ బిందువు దాదాపు 53 మైళ్ల దగ్గరకి జరుగుతుంది. 43కీ 53కీ మధ్య ఉంటే, ప్లాట్‌ఫారమే దగ్గరగా ఉన్నా, జుహూకే ముందు చేరతాం. మైళ్లను కాక నిమిషాలను చూడడం నాకు అప్పుడు అలవాటైంది.

రేడియో పరీక్ష మౌఖికం. ప్రాణాపాయమైతే 'మేడే' మూడుసార్లు, అంతకంటే తక్కువ అత్యవసరమైతే 'పాన్ పాన్' మూడుసార్లు. ఆ తర్వాత మనం ఎవరం, ఏమైంది, ఏం చేయబోతున్నాం, ఎక్కడున్నాం, లోపల ఎంతమంది ఉన్నారు అనేవన్నీ వరసగా చెప్పాలి. ఇంట్లో మా ఆవిడ ఎగ్జామినర్‌గా కూర్చుని అడుగుతుంటే ప్రాక్టీస్ చేశాను.

ఇక డాఫిన్. చేతక్‌కి ఒకటే ఇంజిన్. అది ఆగితే కలెక్టివ్ (హెలికాప్టర్‌ని పైకీ కిందకీ నడిపే లివర్) దించేసి, దిగడానికి ఏ పొలం బాగుందో వెతుక్కోవడమే. డాఫిన్‌కి రెండు ఇంజిన్లు, లోపలికి ముడుచుకునే చక్రాలు, తోక రెక్కలోనే అమర్చిన ఫ్యాను. రెండో ఇంజిన్ ఉంది కదా అని ధీమాగా ఉండడానికి లేదు. బరువు ఎక్కువై, ఎండ మండుతూ ఉంటే, ప్లాట్‌ఫారం మీద మేం దిగే డెక్ దగ్గర నెమ్మదిగా వెళ్లే సమయంలో ఆ ఒక్క ఇంజిన్ మనల్ని మోయలేకపోవచ్చు. అందుకే మనుషుల్నీ, సంచుల్నీ తూకం వేస్తారు. గంటకు సుమారు 300 కిలోల ఇంధనం తాగే యంత్రంలో రానూపోనూ ఇంధనం, పైన అరగంట నిల్వ వేసుకున్నాక మిగిలిందే ప్రయాణికులకు.

డెక్ మీద దిగడం నేర్చుకున్న రోజులు నాకు చాలా ఇష్టం. రోటర్ వ్యాసం దాదాపు 12 మీటర్లు. కింద సముద్రం మధ్యలో ఇనుప స్తంభాల మీద నిలబెట్టిన చిన్న డెక్, దాని మీద పరిచిన తాళ్ల వల, ఒక పక్క క్రేన్, ఇంకో పక్క గ్యాస్ మండుతున్న ఫ్లేర్. ఆ ఫ్లేర్ నుంచి వచ్చే వేడిగాలి మీదకి వస్తే ఇంజిన్ శక్తి తగ్గుతుంది, అందుకని గాలి ఎటు నుంచి వస్తోందో చూశాకే ఎటు నుంచి దిగాలో తేల్చుకోవాలి. దిగేటప్పుడు ఒక బిందువు ఉంటుంది. అక్కడికి రాకముందు ఒక ఇంజిన్ పోతే పక్కకి తప్పుకుని వెళ్లిపోవాలి. దాటాక పోతే దిగిపోవాల్సిందే. ఎగిరేటప్పుడు ఇంకో చిక్కు. డెక్ మీద హోవర్‌లో, అంటే గాల్లో ఒకేచోట నిలబడి, ఉన్నంతసేపు రోటర్ కింద గాలి దన్నుగా ఉంటుంది. అంచు దాటగానే ఆ దన్ను పోతుంది, హెలికాప్టర్ కాస్త దిగినట్టవుతుంది. మొదటిసారి కడుపులో తిప్పేసింది.

చివరిది రూట్ చెక్, అంటే అసలు దారిలో ఎగురుతూ పెట్టే పరీక్ష. వానాకాలం, మబ్బులు కిందకి ఉన్నాయి, ఎదురుగాలి గట్టిగా ఉంది. జుహూ నుంచి 48 మైళ్లు వచ్చాక చెక్ పైలట్ సర్, ఒక ఇంజిన్ పోయిందనుకో, ఎటు వెళ్తావని అడిగారు. ముందు 38 మైళ్లే, వెనక 48. ఒక ఇంజిన్ మీద 110 నాట్లు, ఎదురుగాలి 30 వేసుకున్నాను. ముందుకైతే 80 నాట్ల లెక్కన 28 నిమిషాలు దాటుతుంది. వెనక్కైతే 140తో 21 నిమిషాల్లోపే. పైగా జుహూలో పొడవాటి రన్‌వే ఉంది, వేగంగానే వచ్చి చక్రాల మీద దొర్లించుకుంటూ దిగొచ్చు. "జుహూ, సర్" అన్నాను. లెక్క చూపించమన్నారు. మోకాలి మీది ప్యాడ్ ఆయన వైపు తిప్పాను. ఆయన చూసి, సరే ముందుకు పోనివ్వు అన్నారు. తిరిగొచ్చాక ఫారంపై సంతకం పెట్టారు.

కొన్నేళ్లకు నాకు రాజమండ్రి డ్యూటీ పడింది. అక్కడి నుంచి కృష్ణా–గోదావరి బేసిన్‌లోని రిగ్గులకు వెళ్లేవాళ్లం. కింద కొబ్బరితోటలు, కాలువలు, ఎక్కేవాళ్లలో సగం మంది తెలుగువాళ్లు. తూకం దగ్గర ఒక కుర్రాడు ఆవకాయ జాడీతో దొరికిపోయి, "రెండు కిలోలే కదండీ!" అన్నాడు. పక్కన కూర్చోబెట్టుకుని ఇంధనం, గాలి, ఒక ఇంజిన్ లెక్క మొత్తం కాగితం మీద వేసి చూపించాను. శ్రద్ధగా విన్నాడు. జాడీ అక్కడే గేటు దగ్గర వదిలేసి, ఆ కాగితం మాత్రం అడిగి తీసుకుని హెలికాప్టర్ ఎక్కాడు.