డై దెబ్బకు ముందా, తర్వాతా?

తెనాలిలో మాది వాచ్ రిపేర్ షాపు. నాణేలు కొనను, అమ్మను. కానీ కంటికి ఐ గ్లాస్ తగిలించుకుని కూర్చునే మనిషంటే పాత కాసుల వాళ్లకు లోకువ. ఫోన్లో ఆ వీడియోలు మొదలయ్యాక మరీ ఎక్కువైంది. "బాబాయ్, ఇది ఎర్రర్ కాయినేనా, లక్షలొస్తాయంట" అంటూ బల్ల మీద పెడతారు. నూటికి తొంభై సార్లు అది ఎవరో సుత్తితో కొట్టిందో, రైలు పట్టా మీద పెట్టిందో అయి ఉంటుంది.

నేను చూసేది ఒక్కటే. ఆ లోపం డై (నాణేనికి అచ్చు వేసే ఉక్కు దిమ్మ) దెబ్బ పడకముందు వచ్చిందా, దెబ్బలోనే వచ్చిందా, టంకశాల గడప దాటాక వచ్చిందా? మొదటి రెండూ టంకశాల తప్పులు. మూడోది వట్టి దెబ్బ, దానికి పైసా ఎక్కువ రాదు.

సేకరణదారులు 'లఖీ' అని పిలిచే రకం ఉంది. అచ్చు పడిన నాణెం కింద పడకుండా పై డైకే అతుక్కుపోతుంది. తర్వాతి బిళ్ల, అంటే ఇంకా అచ్చు పడని లోహపు ముక్క, వచ్చి దాని కింద కూర్చుంటుంది. ఆ బిళ్లకు ఒక పక్క మామూలుగా రాజు తల ఉబ్బెత్తుగా వస్తుంది, రెండో పక్క అదే తల లోతుగా, అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. అయిదో జార్జి కాలణా మీద రాజు ఎడమవైపు చూస్తుంటాడు కాబట్టి గుంటలో పడ్డ రాజు కుడివైపు చూడాలి. అంతవరకూ అందరికీ తెలుసు, నకిలీ చేసేవాడికి ఇంకా బాగా తెలుసు. వాడేం చేస్తాడంటే, రెండు కాలణాలు ఒకదానికొకటి ఆనించి బెంచ్ వైస్‌లో బిగిస్తాడు. ఒకదాని తల రెండోదాని వెనక పక్కలోకి దిగిపోతుంది.

తేడా పట్టుకోవాలంటే రాజును చూడకండి, రాజు కింద ఏముందో చూడండి. అసలు లఖీలో ఆ పక్కకు రెండో డై తగలనే లేదు, కాబట్టి 'క్వార్టర్ అణా' అన్న అక్షరాలు అక్కడ ఎప్పుడూ లేవు. వైస్‌లో నొక్కినదానికి అవి ముందే ఉన్నాయి. నలిగిపోయి, గుంటలో ఉన్న రాజు చెవి పక్కనో గడ్డం కిందో తోకలాగా కనిపిస్తాయి. రెండో వైపు కూడా తిప్పి చూస్తే ఉబ్బెత్తు భాగాలన్నీ వైస్ దవడల కింద చదునై మెరుస్తుంటాయి. వాడు తోలుముక్క అడ్డం పెట్టి ఉంటే ఆ మెరుపు ఉండదు, కానీ నలిగిన అక్షరాలను ఏ తోలూ దాచలేదు.

అంచు కొరికినట్టున్న నాణేలు ఇంకో తంటా. బిళ్లలు కోసే రేకు ముందుకు జరగకముందే పంచి మళ్లీ దిగితే, అప్పటికే ఉన్న కన్నం మీద పడి బిళ్లకు చందమామలా ముక్క తక్కువవుతుంది. ఆ బిళ్లకు తర్వాత అంచు లేపే మెషిన్లో కొరుకు ఉన్నచోట ఒత్తిడి ఉండదు, అందుకని సరిగ్గా దానికి ఎదురు పక్కన అంచు పల్చగా, పేలవంగా ఉంటుంది. ఆకురాయితో రాకినవాడికి ఈ సంగతి తెలియదు. ఎదురు పక్క అంచు గట్టిగా నిలబడి ఉంటే ఇక చూడక్కర్లేదు. కొరుకు పక్కన అక్షరాలు కూడా చూడండి. టంకశాలదైతే అవి కొరుకువైపు సన్నగా సాగిపోతాయి, ఆకురాయిదైతే కత్తిరించినట్టు ఆగిపోతాయి.

చింతపండుతో తోమిన రాగి నాణేల గురించి రాయాలంటే కోపం వస్తుంది, వదిలేస్తున్నా. కాసులపేరులోంచి విప్పిన రూపాయల అంచుకు మాటు మచ్చ ఉంటుంది, కొండి అతికించిన చోటు. అదీ దెబ్బే, మార్కెట్లో ధర పడిపోతుంది. నాకు మాత్రం అలాంటివే ఇష్టం. ఎవరింటి పెళ్లిలోనో మెడలో ఊగిన రూపాయి అది.

ఇక అసలు లేని నాణేలు. రాముడు, సీత, హనుమంతుడు, కింద 'ఈస్ట్ ఇండియా కంపెనీ 1818'. జిల్లాకో వందైనా ఉంటాయనుకుంటా, ప్రతివాడూ తాతగారిదే అంటాడు. కంపెనీ అలాంటిది ఎప్పుడూ వేయలేదు. తమాషా ఏమిటంటే, 1808 ప్రాంతంలో మద్రాసులో వేసిన వెండి పావు వరహా మీద ఒక పక్క గోపురం, ఇంకో పక్క విష్ణుమూర్తి, చుట్టూ తమిళంతో పాటు మన తెలుగు అక్షరాలు నిజంగానే ఉన్నాయి. నిజమైనది అంత బాగుండగా జనం ఈ ఇత్తడి రాముణ్ణి పట్టుకుని తిరుగుతారు.

పోత పోసిన విక్టోరియా రూపాయికి నా దగ్గర నీళ్ల పరీక్ష ఉంది. అసలు రూపాయి 11.66 గ్రాములు, 91.7 శాతం వెండి. చిన్న తక్కెడ మీద గ్లాసు నీళ్లు పెట్టి సున్నా చేసి, రూపాయిని దారంతో అడుగు తగలకుండా ముంచితే తక్కెడ 1.13 గ్రాముల దగ్గర ఆగాలి. అదే బరువున్న జర్మన్ సిల్వర్ (పేరుకే సిల్వర్, వెండి ఉండదు) అయితే 1.3 దాటుతుంది. బరువు సరిపెట్టినవాడు కూడా ఇక్కడ దొరికిపోతాడు.

అందరూ దొరకరనుకోండి. ఆరో జార్జి 1939 రూపాయి అరుదు. మొన్నీమధ్య ఒక కుర్రాడు అదే తెచ్చాడు. తూకం సరి, నీళ్లలో సరి, అంచు గీతలూ సరి. 1940 నుంచి వచ్చిన సగం వెండి రూపాయికైతే అంచు మధ్యలో గాడి ఉంటుంది, దీనికి లేదు. వాడి మొహం వెలిగిపోతోంది. ఐ గ్లాస్ పెట్టి చివరి అంకె దగ్గరకు వెళ్లాను. 9 కింద ఎడమ పక్కన, చదునుగా ఉండాల్సిన చోట సన్నటి గీకుడు గీతలు, అన్నీ ఒకే దిక్కుగా. 8కి కింది సున్నాలో ఎడమ సగం చెక్కేస్తే మిగిలేది అదే.

"మరి వెండి అసలుదే కదా బాబాయ్?"

అసలుదే. టంకశాలలో పుట్టిందే, పుట్టాక చెక్కారు. వెండి ధరకు అమ్ముకోమన్నాను. చెక్కకుండా 1938గానే వదిలేసి ఉంటే ఇంకాస్త ఎక్కువే వచ్చేది.