రోజుల అద్దెనా, ఏడాది లీజా?

కొలరాడోలోని స్కీయింగ్ ఊరు బ్రెకెన్‌రిడ్జ్‌లో మా కాండో ఫ్లాట్‌ని చివరికి ఏడాది లీజుకే ఇచ్చాం. క్రిస్మస్ వారం, మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ అప్పుడు టూరిస్టులు అడిగినంత ఇస్తారు, నిజమే. కానీ మంచు కరిగి బురదయ్యే ఏప్రిల్, మే నెలల్లో ఊరు ఖాళీ. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఫీజు మాత్రం ఏ నెలా ఆగదు. క్లీనింగ్, మేనేజ్‌మెంట్ కమిషన్ పోగా మిగిలేది చూసుకోవాలి కదా! పైగా 2021లో టౌన్ కౌన్సిల్ ఇళ్లను రోజుల లెక్కన అద్దెకిచ్చే షార్ట్ టర్మ్ లైసెన్సుల సంఖ్యకు పరిమితి పెట్టింది. ఇల్లు అమ్మితే ఆ లైసెన్సు కొన్నవాళ్లకు రాదు.

అన్నిటికంటే నన్ను కదిలించింది అక్కడ పనిచేసేవాళ్ల అవస్థ. స్కీ లిఫ్టులు నడిపేవాళ్లు, టీచర్లు ఊళ్లో అద్దె ఇల్లు దొరక్క మంచు రోడ్ల మీద ఎంతో దూరం నుంచి రావాలి. ఇప్పుడు మా ఇంట్లో ఒక నర్సు కుటుంబం ఉంటోంది. సెలవులకి మేం వెళ్లి ఉండలేమని పిల్లలకి బాధే. అయినా వచ్చే ఏడాదీ లీజు వాళ్లకే.