కొత్తది రావాలంటే పాతది కదలాలి

ఒహాయోలో మా వంశచరిత్రల లైబ్రరీకి జీతగాళ్ళు లేరు, అందరం వాలంటీర్లమే. ఖాళీ అరలూ లేవు. ఎవరైనా పెద్దాయన పోతే పిల్లలు ఆయన పెట్టెలన్నీ తెచ్చి గుమ్మంలో దింపుతారు. కాదనలేం.

ఈసారి లావుపాటి సెన్సస్ ఇండెక్సులకు (జనాభా లెక్కల్లో ఎవరి పేరు ఎక్కడుందో చెప్పే పుస్తకాలు) ఉద్వాసన చెప్పాం. 1950 జనాభా లెక్కలు 2022 ఏప్రిల్ 1న నేరుగా ఆన్‌లైన్‌లోకే వచ్చాయి. పేరు కొడితే చాలు, ఇంక వీటిని ముట్టేదెవరు? పాత రికార్డులను చిన్న ఫొటోలుగా తీసిన మైక్రోఫిల్మూ అంతే. వంశచరిత్రల రికార్డులు సేకరించే ఫ్యామిలీసెర్చ్ అనే సంస్థ 2017లోనే రీళ్ళు పంపడం మానేసింది. అయినా ఆ రీళ్ళు చూసే మా రీడరు మెషీను కిటికీ పక్క చోటంతా ఆక్రమించుకునే ఉంది (తీసేద్దామంటే ఒకావిడ ఒప్పుకోదు).

శ్మశానాల్లో రాళ్ళ మీది అక్షరాలు చూసి, టైపు చేసి, స్పైరల్ బైండింగు చేయించిన పుస్తకాల జోలికి మాత్రం వెళ్ళం. చూస్తే చిత్తుకాగితాలే. ఒకదానిలో ఎవరో పుట్టిన తేదీ కొట్టేసి, అంచున పెన్సిల్‌తో సరిచేశారు. ఆ రాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. ముత్తాత పేరు దాటితే ఇంటిపేరూ గోత్రమూ తప్ప ఏమీ తెలియని నాకు, ఆ పెన్సిల్ గీత చూస్తే కుళ్ళుగానే ఉంది.

తర్వాత హైస్కూల్ ఇయర్‌బుక్కుల వంతు. అవి నాకు అప్పజెప్పొద్దని ముందే చెప్పేశాను, ఫొటోలు చూస్తూ కూర్చుంటే పని తెమలదు.