గేట్ ప్రిపరేషన్‌లో నన్ను ఇరికించిన 8 బైట్లు

గేట్ పరీక్షలో సీఎస్ (కంప్యూటర్ సైన్స్) పేపర్‌కి చదివేటప్పుడు సీ ప్రోగ్రామింగ్‌ని "అది వచ్చులే" అని పక్కన పెట్టినవాళ్లలో నేనూ ఒకడిని. తీరా పాత పేపర్లు చేస్తుంటే ఎరే (వరుసగా పేర్చిన విలువలు), పాయింటర్ (ఇంకో చోటి అడ్రస్‌ని దాచుకునే వేరియబుల్) కలిసొచ్చిన ప్రశ్నల్లోనే మార్కులు పోయేవి. 2 మార్కుల ఎంసీక్యూ తప్పైతే మూడింట రెండు వంతుల మార్కు కోత. ఊహించి కొడితే మునుగుతాం.

నా కళ్లు తెరిపించింది నోట్సు కాదు, ఫైనలియర్ ప్రాజెక్టు. ఒక పీఎన్‌జీ (బొమ్మల ఫైలు ఫార్మాట్) లోగోని ప్రోగ్రామ్ లోపలే ఇమిడ్చి, ఒక్క ఎగ్జిక్యూటబుల్‌గా (నేరుగా రన్ అయ్యే ఫైలుగా) ఇవ్వాలి. మొదట ఎక్స్‌ఎక్స్‌డీ కమాండ్ వాడాను. అది ఫైల్లోని ప్రతి బైటునీ అంకెగా రాసి ఒక క్యార్ (ఒక్కో బైటు పట్టే టైపు) ఎరే చేసిపెడుతుంది. చిన్న ఫైలైతే హాయి. పెద్దదైతే సోర్సు ఫైలు ఐదారు రెట్లు ఉబ్బి, కంపైలర్ ఈడుస్తుంది. అందుకని ఫైలుని నేరుగా లింకర్‌కే (కంపైలైన ముక్కల్ని కలిపి ప్రోగ్రామ్ చేసే టూల్‌కి) బైనరీగా ఇచ్చాను. ఆ ఫైలు మొదలు, చివర, సైజు చెప్పే స్టార్ట్, ఎండ్, సైజ్ అని మూడు సింబల్స్ వచ్చాయి.

ఇక్కడే బోల్తా పడ్డాను. స్టార్ట్‌ని ఎక్స్‌టర్న్ (అసలుది వేరే చోట ఉందని చెప్పే) క్యార్ పాయింటర్‌గా డిక్లేర్ చేశాను. కంపైలర్ ఏమీ అనలేదు, లింకర్ కూడా ఏమీ అనలేదు. రన్ చేస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తాకకూడని మెమరీని తాకి ప్రోగ్రామ్ ఆగిపోవడం)! రెండు రాత్రులు టెన్షన్. చివరికి జీడీబీ అనే డీబగ్గర్‌లో ఆ పాయింటర్ విలువని కుడి నుంచి ఎడమకి చదివితే 89, 50, 4ఈ, 47... మధ్యలో ఉన్నవి ఆస్కీలో (అక్షరాలకి అంకెలిచ్చే కోడ్‌లో) పీ, ఎన్, జీ! లింకర్ సింబల్ అంటే ఒక అడ్రస్‌కి పెట్టిన పేరు, అంతే. ఎరే అని చెబితే ఆ అడ్రస్‌నే వాడుతుంది. పాయింటర్ అంటే అక్కడికెళ్లి 8 బైట్లు చదివి, వాటినే ఇంకో అడ్రస్ అనుకుంటుంది. పీఎన్‌జీ సిగ్నేచర్ (ప్రతి పీఎన్‌జీ ఫైలు మొదట్లో ఉండే గుర్తు) సరిగ్గా 8 బైట్లే కదా, మొత్తం మింగేసింది. తిరగేసి కనబడటానికి కారణం లిటిల్ ఎండియన్, అంటే అంకెలోని చివరి బైటుని మెమరీలో ముందు పెట్టే పద్ధతి. నోట్సులో మూడుసార్లు రాసుకున్నా, అర్థమైంది మాత్రం ఆ రాత్రే.

డిక్లరేషన్‌లో పాయింటర్ గుర్తైన స్టార్ తీసేసి, ఎరే గుర్తైన ఖాళీ బ్రాకెట్లు పెట్టాను, పనిచేసింది. ఆ ఊపులో పొడవు కోసం, సున్నా బైటు తగిలేదాకా లెక్కపెట్టే స్ట్రింగ్ లెంగ్త్ ఫంక్షన్ పిలిస్తే మళ్లీ 8! తొమ్మిదో బైటు సున్నా మరి. సైజాఫ్ (సైజు చెప్పే ఆపరేటర్) అయితే కంపైలే కాదు, ఎరే సైజు ఆ ఫైలుకి తెలియదు. ఎండ్‌లోంచి స్టార్ట్ తీసేయడమే దారి.

ఇప్పుడు సీ23 స్టాండర్డ్‌లో ఫైలుని నేరుగా కోడ్‌లో ఇమిడ్చే ఎంబెడ్ అనే డైరెక్టివ్ ఉంది, జీసీసీ 15 కంపైలర్‌లో ఒక్క లైనుతో పనైపోతుంది. పరీక్షకి చదివేవాళ్లు మాత్రం ఒకసారి పాత దారిలోనే చేయండి. పాయింటర్ డిక్లరేషన్ కావాలనే తప్పుగా పెట్టి, జీడీబీలో ఏ విలువ వస్తుందో ముందే కాగితం మీద రాసుకుని, తర్వాత రన్ చేయండి.