నల్ల టేపు చుట్టిన కేబుల్

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో 22 ఏళ్లుగా గుమస్తాని. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కాటా అయ్యాక రైతుకి తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, రాసిచ్చేది నేనే. కాగితం చేతికొస్తే ఎక్కడ తేడా ఉందో ఇట్టే పట్టేస్తానని మా షావుకారు గారు నలుగురి ముందూ చెప్తుంటారు. ఆయనకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

ఫిబ్రవరి నెలాఖరు. సరుకు ముమ్మరంగా దిగుతున్న రోజులు. ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర. స్నానం చేసినా చేతులు మండుతూనే ఉంటాయి, ఎడమ చేత్తో ఫోను చూసుకుంటూ అన్నం తింటున్నాను. మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో ఎవరో ఒక ఫొటో పెట్టారు. ఐదారేళ్ల పాప. చెవి వెనక చిన్న మిషను, దాన్నుంచి తల మీద బిళ్లకి వెళ్లే సన్నటి వైరు. ఆ వైరుకి మధ్యలో నల్ల టేపు చుట్టి ఉంది, కరెంటు పనివాళ్లు చుట్టే టేపు. కింద, మా పాపకి వినికిడి ఆపరేషన్‌కి 1,80,000 కావాలి, ఈ రాత్రికి కట్టకపోతే చెయ్యమంటున్నారు, కూలిపని చేసుకునేవాణ్ణి, దయగల వాళ్లు ఆదుకోండి అని రాసి ఉంది. ఒక నంబరు, ఒక క్యూఆర్ కోడు, ఒక డాక్టరు చీటీ ఫొటో.

నన్ను పడగొట్టింది ఆ టేపు. దొంగ ఎన్ని కథలైనా చెప్తాడు గానీ వైరుకి టేపు చుట్టాలని వాడికి తోచదు కదా అనుకున్నాను. మా నాన్న ఎవరైనా చెయ్యి చాస్తే అపాత్రదానం కూడదనేవాడు. ఇవ్వకుండా ఉండటానికి ఆ మాట ఆయనకి బాగా పనికొచ్చేది. నేనలా కాకూడదని చిన్నప్పుడే అనుకున్నాను. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే 500 కొట్టేశాను.

పచ్చ టిక్కు పడ్డాక చూశాను పేరు. ఏదో ఎంటర్‌ప్రైజెస్. డబ్బు పంపే ముందు ఆ పేరు కనపడుతుంది, బ్యాంకు ఖాతాలో ఉన్న పేరే అది. దాన్ని చదవడానికి రెండు క్షణాలు చాలు. కూలిపని చేసుకునే మనిషికి ఎంటర్‌ప్రైజెస్ ఎక్కడిది? సరే, ఎవరో తెలిసినవాళ్ల ఖాతా ఇచ్చుంటాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ ఆ నంబరుకి మెసేజ్ పెట్టాను. వెంటనే జవాబు: "బ్రదర్, 500 ఏం సరిపోతుంది, రౌండ్ చేసి 5000 చేయండి, పాపని లోపలికి తీసుకెళ్తున్నారు." రాత్రి పదకొండింటికి. ఏ ఆసుపత్రో చెప్పండి, పొద్దున్నే కౌంటర్లో నేనే కడతానన్నాను. కౌంటర్ మూసేశారన్నాడు. పోనీ ఆసుపత్రి పేరన్నా చెప్పమన్నాను. బ్లాక్ చేశాడు.

ఆ ఫొటోని గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతికాను. ఏమీ రాలేదు. పాత ఫొటో కాదేమో, నిజమేనేమో అని మళ్లీ ఒక ఆశ.

పొద్దున మా మేనకోడలికి చూపించాను. నర్సింగ్ చదువుతోంది. చూస్తూనే, "మావయ్యా, ఈ పాపకి ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. ఇది కాక్లియర్ ఇంప్లాంట్. తల మీద బిళ్ల ఉందంటేనే లోపల మిషను పెట్టేశారని. మళ్లీ ఆపరేషన్ ఏంటి?" అంది. అప్పుడు విడమరిచి చెప్పింది. చెవి వెనక ఉన్నది మాటని పట్టుకుంటుంది, కేబుల్ మీదుగా బిళ్లకి పంపుతుంది, బిళ్ల చర్మం పైనుంచే లోపలి మిషనుకి అందిస్తుంది, అది వినికిడి నరానికి చేరవేస్తుంది. ఇందులో బయటి కేబుల్ తెగిందా, లోపల లక్షల ఖరీదు చేసే మిషను ఉన్నా పిల్లకి చీమ చిటుక్కుమన్నంత కూడా వినపడదు. పైగా అర్హత ఉన్న పిల్లలకి ఈ ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఉచితం. ఇప్పుడు పేరు ఎన్టీఆర్ వైద్య సేవ గానీ, 2007 నుంచి అలవాటైన నోళ్లకి ఆరోగ్యశ్రీయే.

"చీటీ చదివావా?" అంది.

చదవలేదు. చీటీ ఉందని చూశాను, అంతే. పెద్దది చేసి చూస్తే పైన పేరు, ఫోన్ నంబరు ఉండాల్సిన చోట కత్తిరించేశారు. అడుగున కొత్తపేట, గుంటూరు అన్నది మాత్రం మిగిలింది. మధ్యలో ఇంగ్లీషులో గిలికిన రెండు ముక్కలు. మ్యాపింగ్, అంటే ఆ మిషనుని పాప వినికిడికి తగ్గట్టు సరిచెయ్యడం, అయింది, కాయిల్, కేబుల్ మార్చాలి. లక్షా ఎనభై వేల ఆపరేషన్ కాదు. ఒక వైరు, ఒక బిళ్ల. తల తెగిన తక్‌పట్టీ ఎవడైనా తెస్తే కొట్లోకి కూడా రానివ్వను నేను.

సైబర్ మోసాల మీద ఫిర్యాదు తీసుకునే 1930కి ఫోన్ చేశాను. 500కి కూడా కంప్లయింట్ తీసుకుంటారా అని సిగ్గుపడుతూ అడిగితే, తీసుకుంటామండీ, ఎప్పుడు పంపారు అంది ఆ అమ్మాయి. రాత్రి అన్నాను. వెంటనే చేసుండాల్సింది, డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే ఆపితే దక్కుతుంది, ఆలస్యమైతే నాలుగు ఖాతాలు మారిపోతుంది అంది. పేమెంట్ వివరాల్లో ఉండే 12 అంకెల నంబరు అడిగి రాసుకుంది. కంప్లయింట్ నంబరు మెసేజ్ వచ్చింది. డబ్బు రాలేదు.

అక్కడితో వదిలేయొచ్చు. మా ఆవిడ అదే అంది. కానీ వాడు దొంగ అని తేలింది గానీ పాప అబద్ధమని తేలలేదుగా. ఫొటో నిజం, చీటీ నిజం, టేపు నిజం. అడిగేవాడొక్కడే దొంగ. ఎవరో తండ్రి కేబుల్ కోసం పెట్టిన ఫొటోని వీడు ఎత్తుకెళ్లి, తలా తోకా కత్తిరించి, తన క్యూఆర్ అతికించాడు. అంటే ఆ తండ్రికి ఒక్క రూపాయి అంది ఉండదు.

శనివారం యార్డుకి సెలవు. బండి తీసి కొత్తపేట వెళ్లాను. మ్యాపింగ్ చేసే చోట్లు ఎన్నో ఉండవని మేనకోడలు చెప్పింది. రెండో చోట, కౌంటర్లో ఉన్నామె ఫొటో చూసి గుర్తుపట్టింది, ఆమె మొహంలోనే తెలిసిపోయింది. కానీ పేషెంట్ల వివరాలు ఇవ్వకూడదండీ అంది. బతిమాలాను. ఇవ్వలేదు. అప్పుడు చిరాకేసింది గానీ ఆమె చేసిందే సరైన పని. నాలాగే వెళ్లి ఎవడైనా అడగొచ్చు. చివరికి, వాళ్ల నంబరు నాకొద్దు, నా నంబరే వాళ్లకివ్వండి, ఇష్టమైతే చేస్తారు అని చీటీ మీద రాసిచ్చి వచ్చాను.

రెండు రోజులకి ఫోన్ వచ్చింది. పల్నాడు యాస.

"ఎవరండీ మీరు?"

చెప్పాను.

"ఏ సంస్థండీ?"

"సంస్థేం లేదు. మిర్చి యార్డులో గుమస్తాని."

కాసేపు మాట లేదు. తర్వాత, "ముందు మేము ఎంత కట్టాలి సార్?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. విషయం ఏంటంటే, అంతకు నెల ముందు ట్రస్టు నుంచి అని ఎవడో ఫోన్ చేశాడట. మీ పాపకి రెండు లక్షలు శాంక్షన్ అయింది, ఫైలు ఖర్చు 3,000 పంపండి అన్నాడట. అప్పు తెచ్చి పంపాడు. మళ్లీ జీఎస్టీ 4,500 అంటే అప్పుడు అర్థమైందట. మేస్త్రి కింద పనికెళ్లే మనిషి. ఊళ్లో కుర్రాడెవరో రాసిపెడితే 18 వేలు కావాలని నాలుగు గ్రూపుల్లో పెట్టాడు. డబ్బు రాలేదు, దొంగలు వచ్చారు.

ఐదు రోజులుగా అతను నిజమా కాదా అని నేను ఆరా తీస్తున్నాను. ఇప్పుడు నేను నిజమని అతనికి ఎలా చెప్పాలో తెలియలేదు. ఆధార్ ఫొటో పంపనా? అదెవడైనా పంపుతాడు. కొట్టు పేరు చెప్పాను, వచ్చి చూసుకోమన్నాను. దారి అతనే చెప్పాడు. "మీరు నాకేం పంపొద్దు సార్. నా ఖాతా నంబరు కూడా మీకివ్వను. చెయ్యాలనుంటే ఆ సెంటర్లోనే కట్టండి, బిల్లు మా పాప పేరు మీద రాయించండి. నేనూ వచ్చి నిలబడతాను." ఇంతకంటే మంచి పద్ధతి నాకు తట్టి ఉండేది కాదు.

సెంటర్లో అడిగితే కాయిల్, కేబుల్ కలిపి 17,600 అన్నారు. వారంటీ అయిపోయింది, పిల్లల ఆటల్లో, చెమటకి ముందు పోయేవి అవేనట. అతను 5,000 దాచుకున్నాడు, అది పెట్టాల్సిందేనని పట్టుబట్టాడు. మిగిలిన 12,600 కోసం బ్యాచ్ గ్రూపులో సంగతంతా రాశాను. మా లాయరు మిత్రుడు మొదటి మాటే పన్ను మినహాయింపుకి 80జీ రసీదు వస్తుందా అన్నాడు. రిజిస్టరైన సంస్థకిస్తే వస్తుంది గానీ మనిషికి సాయం చేస్తే ఏం వస్తుందిరా అన్నాను. వాడు చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. ఆరుగురు వేశారు. ఆ ఫార్వర్డ్ పెట్టిన వాడు 3,000 వేశాడు, సిగ్గుకే అనుకుంటాను. తక్కువైంది నేను కలిపాను.

తర్వాతి శనివారం కొత్తపేటలో కలిశాం. అతను బిల్లు తీసుకుని నాలుగు వైపులా చూసి, పాప పేరు వేలు పెట్టి చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. పాత కేబుల్ తీసి కొత్తది పెట్టగానే పాప ఏడ్చింది. నెలన్నర ఏమీ వినకుండా ఉండి ఒక్కసారిగా ఫ్యాను చప్పుడు, మా మాటలు మీద పడేసరికి బెదిరిపోయిందని అక్కడి టీచరు చెప్పింది. బయటికొచ్చాక తండ్రి ఒకటే అడిగాడు, ఆ ఫొటో తీయించగలరా సార్ అని. ఆడపిల్ల ఫొటో అలా ఊరంతా తిరుగుతుంటే వాళ్లమ్మకి నిద్ర పట్టడం లేదట. చూస్తానన్నాను. కనపడిన చోటల్లా రిపోర్ట్ కొట్టాను.

మే నెలలో, యార్డుకి వేసవి సెలవులిచ్చాక, విజయవాడ నుంచి మా బావమరిది ఒక మెసేజ్ పంపాడు, పాపం బావా, చూడు అంటూ. క్యూఆర్ మారింది. ఈసారి 2,50,000. పాప అదే పాప, చెవి వెనక వైరుకి నల్ల టేపు అలాగే ఉంది.